పాట కోరినవారు

మూడయింది, రేడియోలో పాట మొదలైంది, మనిషి మాత్రం మాట్లాడలేదు. పోనీ, మొదటి పాటకి ముందు మాట్లాడకపోయినా తప్పులేదు, ఇదివరకు పాటలు వేసిన బెంజమిన్ గారు కూడా ఒక్కోసారి ముందు పాట వేసేసి ఆ తరవాతే కోరినవాళ్ళ పేర్లు చదివేవారు, ఆయన టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా వినిపించేది మాకు. పాట అయ్యాక చదువుతారు. చదవకేం. నేను కార్డు డబ్బాలో వేసి తొమ్మిది రోజులైంది, రాజోలు నుంచి అమలాపురం చేరడానికి కార్డుకి తొమ్మిది రోజులు చాలవా, నడిచి వెళ్ళినా ఒక్క పగట్లో చేరుతుంది. గొడుగు కమ్మీకి కట్టిన రేడియోని కొంచెం నా వైపు తిప్పుకున్నాను. ఎండ ఏటవాలుగా వచ్చి తట్టలో మెత్తళ్ళ మీద పడుతోంది, ఎండిన చేపని ఇంకా ఎండబెట్టడం దేనికో దానికి. రోడ్డు మీద కొబ్బరికాయల లారీ ఆగి హారన్ కొడుతూనే ఉంది. కొట్టుకో నాయనా, పాట మీద ఎంతసేపైనా కొట్టుకో, పాట అయిపోయాక మాత్రం కొట్టకు. పక్కన సూరమ్మక్క తోటకూర కట్టల మీద నీళ్ళు చిలకరిస్తూ పాటకి తల ఊపుతోంది. ఎంత హాయిగా ఉందే భవానీ, రెండు నెలలైంది ఇలాంటి పాట విని, అంటోంది. ఎనిమిదేళ్ళుగా ఈ రాజోలు రోడ్డు పక్క ఆవిడది ఆకుకూర, నాది ఎండుచేప. ఆవిడ బేరాలకి నా కంపు అడ్డం అని ఒక్కరోజు కూడా అనలేదు, మంచి మనిషి. తల ఊపుతున్నాను నేను కూడా. పాట నాకు ఒక్క ముక్క వినపడడం లేదు.

రెండు నెలల కిందట మా లంకవాణి రేడియో వాళ్ళు ఒక పొద్దుటే మారిపోయారు. చెప్పాపెట్టకుండా అనలేను, వారం ముందు నుంచీ చెప్పారు, ఒక పిల్ల నవ్వుతూ చెప్పింది, కొత్త లంకవాణి వస్తోంది, మాట తక్కువ, పాట ఎక్కువ అని. అదేదో కొత్త సబ్బు గురించి చెబుతున్నట్టు విన్నాం అందరమూ. సోమవారం నుంచి పొలం కబుర్లు లేవు, వైద్యుడి సలహాలు లేవు, గురువారం మూడింటికి కోరిన పాటలు లేవు, బెంజమిన్ గారు లేరు. కొత్త సినిమా పాటలు, ఒకదాని తోక ఇంకోదాని నోట్లో పెట్టినట్టు, పొద్దుట ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా. ఆటో స్టాండు కుర్రాళ్ళకి పండగైపోయింది, ఇన్నాళ్ళకి మా రేడియోకి మీసాలొచ్చాయి అన్నారు. టీ కొట్టు ప్రభాకరరావు గారు మాత్రం ఆ మోతకి పాలు విరిగిపోతున్నాయని తిట్టి రేడియో కట్టేసి, రెండో రోజున ఊసుపోక మళ్ళీ పెట్టారు. సాల్మన్ మాస్టారు ఊరుకోలేదు. తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, ఇంగ్లీషు మాట కలిపి పాడితే ఆయనకి పంటికింద రాయి. పెద్ద అర్జీ రాసి రాజోలు నుంచి మలికిపురం దాకా సైకిల్ మీద తిరిగి సంతకాలు పెట్టించారు, మా తట్టల దగ్గరికి వచ్చి గొంతు ఎత్తి చదివి వినిపించారు కూడా. సాహిత్యం అన్నారు, సంస్కారం అన్నారు, తరతరాల తేనె అన్నారు. నేను సంతకం పెట్టాను. చదువుతున్నంతసేపూ పేర్లు అనే మాట ఎక్కడైనా వస్తుందేమోనని విన్నాను. రాలేదు. అడగడానికి నోరు లేచింది గానీ ఏమని అడగను, మాస్టారూ, మీ తేనెలో మా ఆయన పేరు కూడా వేయండి అని అడగనా.

అదిగో, పాట ఆగుతోంది. వాయిద్యాలు ఒక్కొక్కటే సర్దుకుంటున్నాయి. ఆగింది. "లంకవాణి! మాట తక్కువ, పాట ఎక్కువ!" అదే పిల్ల, అదే నవ్వు, వెంటనే రెండో పాట. పేర్లు లేవు. సరే, ఇది మొదటి గురువారం, ఇంకా సర్దుకుంటున్నారు, రెండు పాటలు అయ్యాక ఒక్కసారే చదువుతారు కాబోలు. అర్జీ పని చేసిందని, గురువారం మూడు నుంచి నాలుగు దాకా పాత పాటలు మళ్ళీ వేస్తారని మాస్టారు వచ్చి చెప్పిన రోజు నేను అరకిలో ఎండురొయ్యలు ఎవరికో తూచి, కవరు కట్టి, ఇవ్వడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాను. ఆ సాయంత్రమే కార్డు రాశాను. ఎప్పుడూ రాసేదే. పల్లిపాలెం, గంగాభవాని, ఆ పక్కన ఆ పేరు. పాట పేరు రాయను నేను, ఎప్పుడూ రాయలేదు. మొదట్లో బెంజమిన్ గారు రేడియోలోనే నవ్వేవారు, గంగాభవాని గారు ఈ వారం కూడా పాట పేరు రాయడం మర్చిపోయారండీ, మాకు నచ్చింది వేసేస్తున్నాం ఆయ్, అని. మర్చిపోవడం కాదు బెంజమిన్ గారూ. మీరు ఏ పాటైనా వేసుకోండి, పాటకి ముందు మాటే నాక్కావలసింది.

ఎందుకంటే ఆ పేరు నేను అనకూడదు. అనకూడదు అంటే అనకూడదంతే, మా అత్తగారు మరిడమ్మ పెళ్ళిపీటల మీద నుంచి లేచిన రోజునే చెప్పింది, మొగుడి పేరు పెళ్ళాం నోట పలికితే ఆయుష్షు తగ్గుద్ది, సముద్రం మీదకెళ్ళేవోళ్ళకి అసలే అప్పు తెచ్చుకున్న ఆయుష్షు, నీ నోటితో కోయకు, అని. పద్దెనిమిదేళ్ళ దాన్ని. ఒట్టు పెట్టించుకున్నట్టు తల ఊపాను. ఆ తరవాత ఆయన నాకు ఇదిగో, ఓయ్, పిల్లదాని నాన్న. గాలివాన వచ్చే ముందు తీరం మీద నిలబడి ఆడవాళ్ళందరం మా మా మగవాళ్ళని కేకలేస్తే, అందరూ ఓయ్ అంటే ఓయ్ అనే, ఎవరి ఓయ్ ఎవరిదో పడవల్లో వాళ్ళకెలా తెలిసేదో, తెలిసేది. నేను ఓయ్ అంటే ఆయన చెయ్యి పైకెత్తేవాడు. రాయడానికి మాత్రం అడ్డులేదు, ఐదో తరగతి చదివాను, అక్షరాలకి ఆయుష్షుతో పేచీ లేదని అత్తగారే తీర్పు చెప్పింది. అందుకని ఆయనకి కార్డులు నేనే రాసి పెట్టేదాన్ని. ఆయనకదో పిచ్చి, రేడియోలో తన పేరు వినాలని. అప్పట్లో లంకవాణి లేదు, పెద్ద రేడియో వాళ్ళకి రాసేవాళ్ళం. వేట నుంచి వచ్చి తడి లుంగీతోనే రేడియో ముందు కూర్చునేవాడు, ఎక్కడెక్కడి పేర్లో చదివేవారు, ఏలూరు, తెనాలి, బొబ్బిలి, ఆ ఊళ్ళలో పుట్టినా బావుండేదే అనేవాడు. ఐదేళ్ళు రాశాం. ఒక్కసారి చదవలేదు. మన పేరు చదవడానికి వాళ్ళకి నోరు తిరగదేమోనే, అన్నాడు చివరికి, నవ్వుతూనే అన్నాడు.

పదహారేళ్ళైంది. ముగ్గురు వెళ్ళారు, ఇద్దరు దొరికారు. ఒకరు రెండో రోజు, ఒకరు నాలుగో రోజు. మూడో మనిషి కోసం మా మరిది కొండబాబు ఇంకా సముద్రం మీద తిరుగుతూనే ఉన్నాడు, అత్తగారు ఇసుకలో పడుకుని లేవడం లేదు, నా పిల్ల పెద్దింట్లమ్మకి మూడేళ్ళు, చంకలో ఉంది, ఆ స్థితిలో ఎవరో ఆటో ఎక్కించి నన్ను ఆఫీసుకి పంపారు, మనిషి కనపడడం లేదని కాగితం పెట్టాలట. ఎప్పుడు ఎక్కడికెళ్ళినా భర్త పేరు అంటే పక్కనున్నవాళ్ళు చెబుతారు, అదే మర్యాద, ఎవరూ లేకపోతే రేషన్ కార్డు చూపిస్తాం. ఆ రోజు నా పక్కన మనిషి లేడు, చేతిలో కార్డు లేదు. గుమస్తా గారు చెడ్డవాడు కాదు, కుర్చీ వేయించాడు, పిల్లకి బిస్కెట్టు ఇచ్చాడు. భర్త పేరు చెప్పమ్మా అన్నాడు. సింహాద్రి కొండ మీద దేవుడి పేరండీ, అన్నాను. మా వైపు ఎవరికైనా అంత చెబితే చాలు. ఆయన కలం ఎత్తి, సింహాచలమా, అన్నాడు. నేను వింటున్నది ఆయన మాట కాదు, వీధిలోంచి ఎవరైనా పరిగెత్తుకొచ్చి దొరికాడని చెబుతారేమోనని ఆ అడుగుల చప్పుడు కోసం వింటున్నాను. మర్యాదకి అవుననే మాట ఒకటి ఉంటుంది కదా మా నోట్లో, ఎవరేమన్నా ముందు అదే వస్తుంది, ఆకలి లేకపోయినా తింటావా అంటే అదే వస్తుంది. ఆయ్, అన్నాను. ఆయన రాసుకున్నాడు. సంతకం పెట్టమంటే పెట్టాను. అక్షరాలు తెలిసిన ముండని, చదివి పెట్టొచ్చు కదా. కళ్ళ నిండా నీళ్ళు, అయినా చదివి పెట్టొచ్చు.

రెండో పాట కూడా అయిపోయింది. పిల్ల నవ్వింది. మూడోది మొదలైంది. ఎవరో ఆడమనిషి వచ్చి మెత్తళ్ళు ఎంత అంటే చెప్పాను, గుప్పెడు పట్టుకుని వాసన చూసి, ఉప్పెక్కువేమోనండీ అంది. సముద్రానివండీ మరి అన్నాను. నా నోటి దురుసుకి నవ్వి పావుకిలో తీసుకెళ్ళింది. ఏం చెబుతున్నాను. సింహాచలం. ఆ పేరు నేను చూసింది పెద్దింట్లమ్మని బళ్ళో వేసినప్పుడు, తండ్రి లేడంటే ఆ కాగితం తెమ్మన్నారు, తెచ్చి ఇచ్చాను, హెడ్మాస్టరు గారు పైకి చదివారు, తండ్రి పేరు సింహాచలం, అని. ఎవరో వేరే పిల్ల గురించి అనుకున్నాను. తప్పండీ అది, అంటే, మరి అసలు పేరేంటమ్మా అని ఆయన నా మొహంలోకి చూస్తే, పలక తీసుకుని రాసి చూపించాను. ఆయన జాలిపడ్డారు, కాగితం మారిస్తే గానీ నేను మార్చకూడదమ్మా అన్నారు. కొండబాబు తిరిగాడు. పేపర్లో ప్రకటన, సాక్షులు, ఇద్దరూ ఒకడే అని రుజువు, ఇన్ని తెమ్మన్నారట. దొరకని మనిషి ఒకడుంటే వాళ్ళు ఇద్దర్ని చేశారు వదినా, అన్నాడు వచ్చి. చచ్చినవాడి కాగితం మార్చడం కంటే బతికినవాళ్ళవి మార్చడం తేలిక, అందుకని నా రేషన్ కార్డు మార్చారు, పిల్లది మార్చారు, ఏడేళ్ళు పోయాక ఇచ్చిన చావు కాగితంలో కూడా ఆ పరాయివాడే చచ్చాడు. పింఛను వరసలో గంగాభవాని వైఫాఫ్ సింహాచలం అని కేకేస్తే చెయ్యెత్తుతాను. పిల్ల కాకినాడలో నర్సు చదువుతోంది, హాల్ టికెట్టు మీద వాడే దాని నాన్న. చిన్నప్పుడు పలక మీద అసలు పేరు దిద్దిస్తే, కాదమ్మా, టీచరు ఇంకోటి చెప్పారు అని ఉమ్మిపెట్టి చెరిపేసింది.

కాగితాలు ఎలా ఏడిస్తే ఏం, మనుషులు లేరా అంటారు. మనుషులు. మనుషులు చచ్చినవాళ్ళని పేరుతో తలుచుకుంటారా ఎక్కడైనా. కొండబాబుకి అన్నయ్య, వాడి పిల్లలకి పెదనాన్న, నా పిల్లకి నాన్న, వీధిలోవాళ్ళకి పాపం ఆ పోయినాయన. నోరారా పేరు పెట్టి పిలిచింది మా అత్తగారొక్కత్తే, రోజూ సాయంత్రం తీరం వైపు తిరిగి పిలిచేది, మూడేళ్ళు పిలిచి పోయింది. జోడీగా పెరిగిన స్నేహితులు ఇద్దరుండేవారు, వాళ్ళు ఆ పడవలోనే ఉన్నారు. శవం దొరకలేదు కాబట్టి నా గాజులు తీయించలేదు అత్తగారు, ఆవిడ పోయాక తీయమనడానికి ఎవరూ లేకపోయారు, అవే ఒక్కొక్కటీ చేపలు కడిగేటప్పుడు చిట్లిపోయాయి. సూరమ్మక్కకి ఆ బెంగ లేదు. వాళ్ళాయనకి సమాధుల దొడ్లో రాయి ఉంది, రాయి మీద పేరు చెక్కించింది, సమాధుల పండక్కి సున్నం కొట్టి పూలు పెట్టి వస్తుంది, బేరం కుదరకపోయినా, మా ఇమ్మానుయేలు ఉండుంటేనా అని ఆ పేరు అరటిపండు ఒలిచినంత తేలిగ్గా అంటుంది. దేవుడు వాళ్ళకి ఆ నోరిచ్చాడు. నేను కూడా అనొచ్చు కదా ఇప్పుడు, కోయడానికి ఆయుష్షు ఏమన్నా మిగిలుందా. అదే, మిగిలుందేమో. ఎవరికి తెలుసు. దొరకలేదు కదా. ఏ తీరానికో కొట్టుకుపోయి, మతి పోయి, ఎక్కడో వలలు బాగుచేస్తూ బతుకుతున్నాడేమో, అలాంటివి జరగలేదా లోకంలో. నవ్వుకోండి. పదహారేళ్ళుగా నేను అనని ఒక్క మాట మీద ఆ మనిషి బతికున్నాడు, నాకు తెలిసినంతలో.

అలాంటి రోజుల్లో లంకవాణి వచ్చింది. పన్నెండేళ్ళ కిందట. పల్లిపాలెంలో ఇసుక మీద వలలు పరిచి చేపలు ఎండేస్తున్నాను, నా రేడియో గట్టు మీద ఉంది, ఆయన రేడియోనే. ఊరికే, పాత అలవాటు కొద్దీ ఒక కార్డు రాసి పడేశాను, రెండు పేర్లూ రాసి, ఎప్పట్లాగే. మర్చిపోయాను కూడా. గురువారం మూడున్నరకి బెంజమిన్ గారి గొంతు, ఆయన గొంతులో కొంచెం జలుబు ఉంటుంది ఎప్పుడూ, "పాట కోరినవారు, పల్లిపాలెం నుంచి," అని, ఒక్క క్షణం ఆగి, కార్డు దగ్గరగా పెట్టుకున్నారు కాబోలు, "గంగాభవాని, అప్పలస్వామి." చేతిలో చేప చేతిలోనే ఉంది. ఆ కొండ మీద దేవుడి పేరు ఎంత బాగా అన్నారు. నోరు తిరగదేమో అన్నావు కదయ్యా, చూడు ఎలా తిరిగిందో. నాలుగు మండలాల్లో, కొబ్బరితోటల్లో కాయలు ఒలిచేవాళ్ళు, రొయ్యల చెరువుల గట్ల మీద కాపలావాళ్ళు, టైలరు కొట్లలో, గోదావరి దాటించే పంటు రేవు దగ్గర, అందరి చెవుల్లో పడింది. నేను అనలేదు, కాబట్టి ఆయుష్షుకి భయం లేదు. కాగితం మీద లేదు, కాబట్టి ఎవరూ చెరపరు. ఆ రోజు నుంచి పన్నెండేళ్ళు, ఒక్క వారం మానలేదు. జ్వరంలో రాశాను. పిల్ల పెద్దమనిషైన రోజున చుట్టాల మధ్య లేచి వెళ్ళి రాశాను. వారానికి ఒక్కసారి ఒక్క మాట, మళ్ళీ వారం దాకా దాంతోనే. వింటున్నవాళ్ళు ఏమనుకుంటారో ఊహించుకునేదాన్ని. పల్లిపాలెంలో మొగుడూ పెళ్ళాలు ఇద్దరున్నారు, పాటలంటే ప్రాణం, మధ్యాన్నం పూట రేడియో దగ్గర పక్కపక్కన కూర్చుంటారు అనుకుంటారని. అంతమంది అనుకుంటుంటే అది ఎక్కడో కొంచెం నిజమైనట్టే ఉండేది నాకు.

మాట తక్కువ, పాట ఎక్కువ. మూడో పాట, నాలుగో పాట, ఎన్నోదో, లెక్క పోయింది. వీళ్ళు చదవరు. నాకు తెలుసు చదవరని, పోయిన నెలలోనే తెలుసు, తెలిసి తెలిసి కార్డు రాశాను. పోయిన నెల అమలాపురం వెళ్ళాను కదా, బస్సెక్కి, ఉతికిన చీర కట్టుకుని, ఒంటికి చేప వాసన ఉంటుందేమోనని నిమ్మకాయ రుద్దుకుని. లంకవాణి అంటే ఎంత పెద్దదో అనుకున్నాను, మెట్లెక్కితే రెండు గదులు. బల్ల దగ్గర షైనీ అని ఒక అమ్మాయి, మెడలో పేరు వేలాడుతోంది, మెడలో ఎవరి పేరు వాళ్ళకి. రండి ఆంటీ, కూర్చోండి ఆంటీ అంది. బెంజమిన్ గారు మానేసి ట్యూషన్లు చెప్పుకుంటున్నారట. ఇప్పుడు కంప్యూటరే పాటలు వేస్తుందట, లోపల మనిషే లేడు, అద్దంలోంచి చూపించింది, ఖాళీ కుర్చీ, దాని ముందు వెలుగుతున్న తెర. కోరిన పాటలు మళ్ళీ పెట్టరా అమ్మా అన్నాను. "పాటల కోసం ఇంత దూరం వచ్చేరా ఆంటీ! ఏ పాట కావాలన్నా ఫోన్లో వస్తాదండి. మీ అమ్మాయినడగండి, పెట్టిస్తాది." పాట కాదమ్మా అన్నాను. మరి? అంది, నిజంగా తెలుసుకుందామనే అంది, మంచి పిల్ల. మరి. పేరు చదివేవారు కదా అన్నాను. "అదా ఆంటీ! మన యాప్‌లో కామెంట్ పెడితే మీ పేరు తెర మీద కనిపిస్తాదండి. అందరూ చదువుకోవచ్చు." కనిపించడం దేనికమ్మా, రాసి చూపించడం నాకూ వచ్చు, అనడమే రాదు, అనాలని ఉంది. బీరువా పక్కన అట్టపెట్టెలో కార్డులు, తాడు కట్టి, చాలా ఉన్నాయి. వాటిలో నావి ఎన్నో. ఇబ్బందేం లేదు కదా ఆంటీ, అలవాటైపోతాది, అంది ఆ పిల్ల మంచినీళ్ళు ఇస్తూ. ఆయ్, అన్నాను. నాకు ఈ నోరు ఎందుకిచ్చాడో దేవుడు. తిరిగి వస్తుంటే బస్సులో డ్రైవరు లంకవాణే పెట్టాడు.

మాస్టారు వస్తున్నారు. సైకిల్ నడిపించుకుంటూ, హ్యాండిల్‌కి చిన్న రేడియో తగిలించుకుని, పాట ఆయనతో పాటే నడిచొస్తోంది, నా గొడుగు కింద పాటా ఆయన పాటా కలిసి రోడ్డంతా ఒకటే పాట. "విన్నారా అమ్మా! గెలిచేం మనం. సామాన్యుడి సంతకానికి ఇంకా విలువుందండీ ఈ దేశంలో," అన్నారు, కళ్ళలో నీళ్ళు ఆయనకి, నిజం నీళ్ళు. సూరమ్మక్క ఆయనకి ఒక తోటకూర కట్ట ఊరికే ఇచ్చింది, సంతోషం మరి. మాస్టారూ, పేర్లు చదవడం లేదండీ, అన్నాను. ఎలా అన్నానో. ఆయన చెయ్యి ఊపేశారు. "ఆ పేర్ల గోలతోనే సగం గంట పోయేదమ్మా అప్పట్లో. ఫలానా ఊరు, ఫలానా వారు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లి. ఇప్పుడు చూడండి, గంటకి పది పన్నెండు పాటలు వస్తన్నాయి. ఒక విధంగా మన మంచికే జరిగింది." పెద్దాయన. అంత తిరిగారు పాపం, ఎండలో. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు. నేనూ సంతకం పెట్టాను కదా దాని మీద. నా చేతి సంతకాలు అలాంటివి, పెట్టిన ప్రతిసారీ ఒక మనిషి పోతాడు. ఆయన వెళ్ళిపోయారు, పాట కొంతదూరం వినిపించి ఆటోల చప్పుట్లో కలిసిపోయింది.

ఇదే ఆఖరి పాట. ప్రభాకరరావు గారి కొట్లో గడియారంలో నాలుగుకి రెండు నిమిషాలు తక్కువ. ఎండ తట్ట దిగి నా పాదాల మీదకి వచ్చింది. ఇంకేం లేదు, తెలుసు. వచ్చే గురువారం ఉంది, ఆ వచ్చే గురువారం ఉంది, ప్రతి గురువారం పన్నెండేసి పాటలు వస్తాయి, ఒక్క మనిషి రాడు. ఇవాళ ఈ భూమ్మీద ఆ పేరు అనేవాళ్ళు ఎవరూ లేరు. లేరంటే లేరు. పిల్లకి పెళ్ళవుతుంది, పీటల మీద పంతులు గారు ఫలానావారి పుత్రిక అని సింహాచలాన్నే పిలుస్తారు, అప్పుడు నేను అక్కడే కూర్చుని ఉంటాను. ఇంత బతుకూ బతికి ఒక మనిషిని ఓయ్ దగ్గరే వదిలేశాను. ఆయుష్షు, ఆయుష్షు అని నేను దాచింది ఎవరికి అత్తా, నువ్వే చెప్పు, నేను ఒక్కసారి కూడా అనలేదే, మరి ఎవరు కోశారు. పాట ఆగింది. పిల్ల నవ్వింది. డప్పుల మోత మొదలైంది, కొత్త పాటలు. చెయ్యి చాచి రేడియో కట్టేశాను.

నోరు తెరిచాను. తెరిస్తే ఎలా అనాలో తెలియలేదు. పిలిచినట్టు అనాలా, చెప్పినట్టు అనాలా, ఏ అక్షరం మీద గట్టిగా పడాలో, నాలుకకి ఆ దారే తెలీదు. దానికి తెలిసింది ఒక్కటే, గురువారాల్లో విన్నది. కొంచెం జలుబు గొంతు తెచ్చుకున్నాను కూడా కాబోలు. "పాట కోరినవారు," అన్నాను. "పల్లిపాలెం నుంచి." ఆయన ఆగినట్టే ఆగాను. "గంగాభవాని. అప్పలస్వామి."

అని, పాట కోసం ఆగాను. అలవాటు. ఆ పేరు తరవాత ఎప్పుడూ ఒక పాట వస్తుంది. ఆటో ఒకటి వెళ్ళింది. కొబ్బరి లారీ కదిలింది. సముద్రం ఇక్కడికి వినపడదు. అయిపోయింది, అనేశాను, మిగిలున్న ఆయుష్షేదో ఉంటే నా చేత్తోనే కోసేశాను, ఇక తీరం వైపు చూడక్కర్లేదు అనుకున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు, చల్లగా ఉంది ఒళ్ళంతా.

సూరమ్మక్క పకపకా నవ్వింది. "రేడియో కట్టేసి నువ్వు చదువుతున్నావేంటే! అచ్చం బెంజమిన్ గారే." తోటకూర కట్టలు సర్దుతూ మళ్ళీ అంది, "అవునే భవానీ, ఇన్నేళ్ళ నుంచి అడుగుదామనుకుంటన్నాను. అప్పలస్వామంటే మీ తమ్ముడే కదా? అక్క పేరూ తన పేరూ కలిపి వారం వారం ఎంత చక్కగా చదివించుకునేవాడో, మా ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం."

ఆవిడ మొహంలోకి చూశాను. ఎనిమిదేళ్ళు నా పక్కన కూర్చుని, ప్రతి గురువారం నాతో పాటు ఆ పేరు విన్న మనిషి. పింఛను వరసలో నా వెనకే నిలబడి సింహాచలాన్ని కూడా విన్న మనిషి. ఈవిడకే అలా వినిపిస్తే, తోటల్లో, చెరువుగట్ల మీద, రేవులో, ఎవరికి ఎలా వినిపించిందో. కాదక్కా అనాలి. అంటే, మరెవరే అంటుంది. చెబితే, మరి సింహాచలం ఎవరే అంటుంది. అప్పుడు ఆ పేరు ఇంకోసారి అనాలి. ఒక్కసారి అనడానికే నా దగ్గరున్నదంతా అయిపోయింది.

సూరమ్మక్క జవాబు కోసం చూస్తోంది.

"ఆయ్," అన్నాను.